దొరగారి సమాధికి ఆరు రోజుల సెలవు

సౌదీలో, ఖమీస్ ముషైత్ ఊళ్ళో నర్సుగా పనిచేసిన ఎనిమిదేళ్ళలో ఒక్క మనిషి మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. మా నర్సులందరికీ పెద్ద, మేట్రన్. ఇంగ్లండు మనిషి. చెడ్డది కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

బందరులో మా ఆయన గుండె ఆగి పోయినప్పుడు కబురు గంటలో వచ్చింది. పాస్‌పోర్టు మాత్రం రాలేదు. అది ఆసుపత్రి ఆఫీసులో ఉంటుంది. దేశం దాటి మళ్ళీ రావడానికి దాని మీద ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడాలంటే ముందు మేట్రన్ సంతకం కావాలి. నా బదులు డ్యూటీకి మనిషి లేదని ఆవిడ రెండు రోజులు ఆగమంది. అక్కడ ఐసు పెట్టెలో ఎన్నాళ్ళుంచుతారు? నేను లేకుండానే మట్టి చేసేశారు. ఇక వెళ్ళి ఏం చేస్తావని ఆ సెలవు కాస్తా కొట్టేసింది. మా ఆయన్ని గోతిలో దింపే వేళకి నేను వార్డులో ఎవరికో బీపీ చూస్తున్నాను.

అందుకే ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడికకైనా వెళ్ళాలని, సమాధి మీద రాయి నా చేతుల మీదుగా పెట్టించాలని పట్టుబట్టాను. నాకు కావలసింది అదొక్కటే. మూడు నెలల ముందే కాగితం పెట్టాను. ఎర్ర సిరాతో కొట్టేసి పంపింది. మళ్ళీ పెట్టాను. ఈసారి పిలిచింది.

కాదనడానికే అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ నా కాగితంలో ఊరి పేరు మీద వేలు పెట్టి, ఇది సముద్రం పక్కనున్న మచిలీపట్నమేనా అని అడిగింది. ఔనన్నాను. అంతే, కుర్చీ చూపించింది, టీ తెప్పించింది. వాళ్ళ ముత్తాతల ముత్తాతకు తమ్ముడట, ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మా రేవులో దిగాడట. అద్దకం బట్టలు కొని ఓడలకెక్కించేవాడట. ఇరవై మూడేళ్ళకే జ్వరమొచ్చి పోయాడట. మా ఊళ్ళో దొరల సమాధుల తోటలో ఉన్నాడట. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

"మీ ఊరి కోసం ప్రాణమిచ్చాడు పాపం," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడు రమ్మన్నాడమ్మా? బట్టల కోసం వచ్చినవాడు బట్టలు పట్టుకుపోయాడు, వాడి వెనక వచ్చినవాళ్ళు ఊరినే పట్టుకుపోయారు. ఆ బట్టలకి రంగులద్దినవాళ్ళు ఎంతమంది పోయారో, ఎక్కడ పూడ్చారో ఎవడైనా రాసిపెట్టాడా? మా తాత చిన్నప్పుడు గేదె కోసం ఆ తోటలో గడ్డి కోస్తే కాపలావాడు కర్రతో కొట్టాడు. ఆ మచ్చ ఆయన చచ్చేదాకా మోచేతి మీద ఉంది. స్వాతంత్ర్యం వచ్చిందని ఊరంతా జెండాలు కడుతుంటే, మా తాత గేదెను తోలుకెళ్ళి ఆ తోట గోడ లోపల వదిలాడట. ఇంట్లో ఆ కథ చెప్పుకుని పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన మనవరాలిని నేను. దొరలు పోయి అరవై ఏళ్ళు కావస్తుండగా, అరబ్బు దేశంలో దొరసాని సంతకం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆరు రోజులిచ్చింది. ఊరికే కాదు. సమాధి శుభ్రం చేసి, నాలుగు వైపులా ఫోటోలు తీసి తేవాలి. మెత్తని బ్రష్షు తనే ఇచ్చింది. సున్నం వేయకూడదు, ఆసిడ్ తగలకూడదని కాగితం మీద రాసిచ్చింది. మొగుడు చచ్చిపోతే పడని సంతకం, మూడు వందల ఏళ్ళ కిందటి గుమాస్తా కోసం ఆ పూటే పడింది. నేనూ సిగ్గులేకుండా థాంక్యూ మేడమ్ అన్నాను.

బందరులో మా మరిది రాయి చెక్కించి సిద్ధంగా ఉంచాడు. పాస్టరుగారు, చుట్టాలు, అందరం మా సమాధుల దొడ్డికి వెళ్ళాం. మేస్త్రీ గునపం పట్టుకుని ఎక్కడమ్మా అన్నాడు. మరిది ఒక దిబ్బ చూపించాడు. అది కాదు, దాని వెనకదని మా అత్తగారు అంది. మధ్యలో వచ్చిన తుఫానుకి అక్కడ మోకాలి లోతు నీళ్ళు నిలిచాయట. చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయి, దిబ్బలన్నీ ఒకటైపోయాయి. వాటి పక్కన కొత్తవి లేచాయి. అందరూ నా వైపు చూశారు. నేనేం చెప్పను, నా బొంద! ఆ రోజు నేను లేను కదా. చివరికి పాస్టరుగారు, ప్రభువుకి తెలుసులేమ్మా అని ఇద్దరూ చూపించినవాటికి మధ్యలో పెట్టించారు. మా ఆయన రాయి ఎవరి మీద పెట్టానో నాకు తెలీదు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, అంత కోపం.

మర్నాడు బ్రష్షు తీసుకుని దొరల తోటకి వెళ్ళాను. చుట్టూ గోడ, గేటు. పావుగంట వెతికేసరికి దొరికాడు. నల్లరాతి పలక మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, పోయిన తేదీ. ఒక్క అక్షరం చెరగలేదు. చుట్టూ ముళ్ళకంప మొలిచింది, అంతే. చాలాసేపు చూశాను. బ్రష్షు సంచిలోంచి తీయకుండానే ఇంటికొచ్చేశాను.

తిరిగొచ్చిన రోజే మేట్రన్ పిలిచి ఫోటోలు అడిగింది. తీయలేదన్నాను. సమాధి దొరకలేదా అంది. దొరికిందన్నాను. రెండు నెలల్లో నా కాంట్రాక్టు అయిపోతుందని, పొడిగించాలన్నా ఆవిడే సంతకం పెట్టాలని నాకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"మీవాడు ఎక్కడున్నాడో మీ ఇంట్లో అందరికీ తెలుసు మేడమ్," అన్నాను. "మా ఆయన ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఆ రెండు రోజులు మీరు నన్ను ఆపకపోతే తెలిసేది."