గోలు వెనక అమ్మమ్మ

మా అమ్మాయిని ఫుట్‌బాల్‌లో చేర్చి నెల తిరక్కుండానే ఒంగోల్లో ఆ మైదానం గేటుకి కాగితం అంటించారు: ప్రాక్టీసు జరిగేటప్పుడు తల్లిదండ్రులు లోపలికి రాకూడదు. దానికి కారణం నేనేనని నా అనుమానం. పిల్లకి ఏడేళ్ళు, చలికాలం పిల్లికూతలు వస్తాయి. నీళ్ళసీసా, పీల్చే మందు పట్టుకుని గీత పక్కనే నిలబడి, బంతి దాని వైపు వచ్చినప్పుడల్లా "జాగ్రత్త!" అని అరిచేదాన్ని. గేటు మూశాక గోడలో ఇటుక ఊడిన సందులోంచి చూడటం మొదలుపెట్టాను. నిన్న పిల్ల ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, "నువ్వు చూస్తుంటే నాకు కాళ్ళు కదలవమ్మా. సందులోంచి చూసినా తెలుస్తది," అంది. ఒళ్ళు అలిసిపోయి ఉన్నా ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు. పదేళ్ళ కిందట ఇదే మాట మా మామయ్య అన్నాడు.

మామయ్య అంటే అమ్మ ఆఖరి తమ్ముడు. పొదిలి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరి జట్టుకి గోల్‌కీపరు. ఆడేది మిషన్ బడి మైదానంలో. మిరప కోతలు మొదలైతే అందులో సగం కళ్లమయ్యేది. ఎర్రగా పరిచిన కాయల మధ్య అమ్మమ్మా, ఆమెతో కూలికొచ్చే ఆడవాళ్ళూ కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరేవాళ్ళు. బంతి ఆ రాశుల్లో పడితే తేవడానికి వెళ్ళినవాడు తుమ్ముతూ వచ్చేవాడు, వాడి తుమ్ములు ఆగేదాకా ఆట ఆగేది. సాయంత్రమైతే పాలెమంతా గీత పక్కనే ఉండేది. అంతకు ముందు ఏడు ఒంగోలు పోటీలో మామయ్య చేతుల్లోంచి ఓ మెత్తని బంతి జారి గోలయింది. ఆ తర్వాత వాళ్ళ నోళ్ళకి పట్టపగ్గాల్లేవు. "ఒరేయ్, చేతులకి వెన్న పూసుకొచ్చావంట్రా?" అని ఒకడంటే, "బంతినొదిలి గాలిని పట్టాడ్రోయ్!" అని ఇంకొకడు. మామయ్యకి నిజంగానే చేతులు ఆడటం మానేశాయి. "చూసేవాళ్ళుంటే నావల్ల కాదండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారితో. ఈసారీ జారితే గోలులో వేరేవాణ్ణి నిలబెడతానని ఆయన అప్పటికే చెప్పి ఉన్నారు.

డిగ్రీ పరీక్షలు రాసి నేను అక్కడికి వెళ్ళేసరికి మైదానం చుట్టూ గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. జనాన్ని తరిమేశారు గానీ కళ్లాన్ని ఎక్కడికి తరుముతారు? మాస్టారు అమ్మమ్మ దగ్గరికొచ్చి, పోటీ అయ్యేదాకా మీరు కూడా బయట ఉండండమ్మా అన్నారు. ఆవిడ ఏరడం ఆపకుండానే, "ఒంగోలు పోయి ఆట చూసే తీరిక మాకేడిది మాస్టారూ? రోజూ ఇక్కడ చూసేదే మాకు ఆట. అది కూడా చూడొద్దంటే ఎట్టా?" అంది. చివరికి ఒప్పందం కుదిరింది: ఆడవాళ్ళు కళ్లంలోనే ఉంటారు, మైదానానికి వీపు పెట్టి కూర్చుంటారు. మూడు వారాలు అలాగే కూర్చున్నారు. బంతి చప్పుడుని బట్టి, "అది మావోడు పట్టిందే," అని అమ్మమ్మ గొణిగేది. "పట్టాడో వదిలాడో వీపుకి కళ్ళున్నయ్యా అత్తా?" అని పక్కామె నవ్వేది. ఆ మూడు వారాలూ మామయ్య ఒక్క బంతీ వదల్లేదు.

పోటీ రోజున అమ్మమ్మ కూలి మానుకుని, జట్టు ఎక్కిన ట్రాక్టరులోనే నా పక్కన కూర్చుని వచ్చింది. ఊరు దాటి ఆట చూడటానికి రావడం ఆవిడకి అదే మొదలు. కొత్త జాకెట్టు కూడా వేసుకుంది. ఒంగోలు జనం ఒక్కసారి అరిచేసరికి మామయ్య మొహం పాలిపోయింది. మొదటి సగంలోనే నిరుటిలాంటి బంతే, నిరుటిలాగే జారి గోలయింది. వెనక నుంచి మా ఊరివాళ్ళే, "వెన్న కరగలేదు రోయ్!" అని మొదలుపెట్టారు. మాస్టారు బయట ఉన్న ఇంకో కుర్రవాడి వైపు చూశారు.

విరామంలో అమ్మమ్మ లేచింది. అంత జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, రెండో సగంలో మామయ్య నిలబడబోయే గోలు వెనక, మైదానానికి వీపు పెట్టి నేల మీద చతికిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. చేతిలో మిరపకాయలు లేకపోయినా వేళ్ళు ఊరుకోలేదు, కంకరలోంచి తెల్లరాళ్ళు ఏరి పక్కన వేస్తున్నాయి. గోలులోకి నడిచొస్తున్న మామయ్య ఆ వీపు చూసి ఒక్క క్షణం ఆగాడు. మాస్టారు ఆ కుర్రవాణ్ణి లేపలేదు. ఆ తర్వాత ఒక్క బంతీ లోపలికి పోలేదు. చివర్లో మామయ్య అడ్డంగా గాల్లోకి లేచి ఒకటి పట్టుకుంటే, అప్పటిదాకా తిట్టినవాళ్ళే ఈలలేశారు. అమ్మమ్మ మాత్రం తిరిగి చూడలేదు.

మేం ఓడిపోయాం, ఆ ఒక్క గోలుతోనే. అయినా మామయ్య చోటు మామయ్యకే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరు చప్పుడులో అమ్మమ్మ నా చెవి దగ్గరికి జరిగి, "ఆఖర్న అంత గోలపెట్టారే, పట్టాడా, వదిలాడా?" అని అడిగింది. ఊరొచ్చేదాకా చెప్పాను. మళ్ళీ చెప్పమంది.

అమ్మమ్మ పోయి మూడేళ్ళయింది. గేటు తెరవాలా మూయాలా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. మాస్టారిదీ న్యాయమే, కూలి మానుకుంటే గానీ ఆట చూడలేని ఆవిడదీ న్యాయమే. రేపు మాత్రం ఆ ఇటుక సందుకి వీపు ఆనించి కూర్చుందామనుకుంటున్నాను. మందు నా సంచిలోనే ఉంటుంది. పిల్ల బయటికొచ్చాక ఏమైందో దాన్నే అడుగుతాను. అడిగితే ఆపకుండా చెప్పే వయసు పిల్లలకి ఎన్నాళ్ళో ఉండదు, ఆ కాస్త కాలాన్నీ నేను ఇటుక సందులోంచి చూడటానికే ఖర్చు పెడుతున్నాను.