గొంతు పోయిన వానాకాలం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అంటుండేది. నా నోరు మంచిదో కాదో తెలియదు గానీ, పెద్దది మాత్రం అవును. ముదిగొండ దగ్గర మా మిరపతోటలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది కూలీలను కేకేయడం చిన్నప్పుడు నా పని. ఆ గొంతుతోనే టీచరుద్యోగంలో చేరాను, ఆ గొంతునే నమ్ముకున్నాను. దమ్మపేట దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉంది మా బడి. ఒకటే గది, ఐదు తరగతులు, టీచరును నేనొక్కదాన్నే. పిల్లల్లో ఎక్కువమంది కోయ ఇళ్ళవాళ్ళు, కొందరు రైతుల పిల్లలు.

ఐదు తరగతులనూ ఐదు వరుసలుగా కూర్చోబెట్టేదాన్ని. ఒక వరుసకు పాఠం చెబుతుంటే మిగతా నాలుగూ గోడ మీద బల్లిని చూస్తుండేవి. వాళ్ళను అదిలించి, మళ్ళీ ఈ వరుసకు వచ్చి, ఎవడైనా పక్కవాడి చెవిలో ఏదో చెబితే వాణ్ణి కసిరి, సాయంత్రానికి గొంతు చించుకుని ఇల్లు చేరేదాన్ని. పక్కవాడికి చెప్పడం కాపీ అని, కాపీ తప్పని నా నమ్మకం. ఏది నమ్మినా గట్టిగా నమ్మడం నా తత్వం.

కిందటేడు బడి తెరిచిన కొన్నాళ్ళకే గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలయ్యాయి, కరక్కాయ అయింది. చివరికి ఖమ్మంలో పెద్ద దవాఖానాకు పోతే డాక్టరు గొట్టం పెట్టి చూసి, గొంతు లోపల చిన్న కాయల్లాంటివి లేచాయన్నాడు. అవి కరగాలంటే అసలు మాట్లాడకూడదట. గుసగుస కూడా పనికిరాదట. వినకపోతే ఆపరేషనే. ఎన్నాళ్ళని సైగ చేస్తే, తగ్గేదాకా అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన మొహంలో బాధ కన్నా ముందు ఇంకేదో కనిపించింది. దాని సంగతి తర్వాత ఇంట్లో తేల్చుకున్నాం.

సెలవు పెడదామనుకున్నాను. కానీ నా బదులు పంపడానికి మనిషి లేడని, నేను సెలవు పెడితే పిల్లలను అవతలి ఊరి బడిలో కలపక తప్పదని మండలాఫీసులో చెప్పారు. వాళ్ళను అనుకునేదేమీ లేదు, లేని మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు? అయితే అవతలి ఊరికీ మాకూ నడుమ వాగుంది. వానాకాలంలో పెద్దపిల్లలే చేతులు పట్టుకుని దాటాలి. చిన్నవాళ్ళు ఇళ్ళదగ్గర ఉండిపోతారు. పైగా ఒకసారి కలిపేసిన బడి మళ్ళీ విడిగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ సంగతంతా కాగితం మీద రాసి మా బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమెకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. ఐదో తరగతిలో ఉన్న కొడుకును పిలిచి చదవమంది. వాడు కాగితం అటూ ఇటూ తిప్పి నీళ్ళు నమిలాడు. నాలుగేళ్ళు నా ముందు కూర్చున్న పిల్లవాడు. వాడి తరగతిలోని ఆడపిల్ల ఒకతి వచ్చి చదివి చెప్పింది. వంటామె కాగితం మడిచి నా చేతికిచ్చి అంది:

"మీరు వచ్చి కూసోండ్రి మేడం, చాలు. మీరు కూసుంటే బడి నడిచినట్టే."

కూర్చుంటే బడి నడుస్తుందా అని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయినా మర్నాడు వెళ్ళాను.

మొదటి రోజు తలప్రాణం తోకకొచ్చింది. నోటితో చెప్పలేను కాబట్టి, పలకలు తీయమని బోర్డు మీద రాశాను. పెద్దవాళ్ళు తీశారు. ఒకటో తరగతి, రెండో తరగతి నా మొహం చూస్తూ కూర్చున్నాయి. చదవడం వస్తే వాళ్ళు నా దగ్గరికి ఎందుకొస్తారు? చప్పట్లు కొట్టాను, చేతులు తిప్పాను. వాళ్ళకు మంచి ఆటగా ఉంది. అప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతి లేచి, చిన్నవాళ్ళ మధ్యకు పోయి కూర్చుని, కోయలో ఏదో చెప్పింది. పలకలన్నీ బయటికొచ్చాయి.

నేను ఎవరినీ కదలమనలేదు. అనడానికి నోరేది? కానీ వారం తిరిగేసరికి వరుసలు మాయమయ్యాయి. చదవడం రాని ప్రతి చిన్నపిల్ల పక్కనా పెద్దవాళ్ళు ఒకరు చేరారు. కసరబోయి, నోరు తెరిచి, మూసుకున్నాను.

మాట లేకపోయేసరికి వినడం మొదలైంది. నేను తీసివేతలకు బోర్డు మీద మామిడిపండ్లు గీసి కొట్టేసేదాన్ని. వీళ్ళు నేలమీద ఇప్ప గింజలు కుప్ప పోసి, మేక వచ్చి నాలుగు తిన్నది, ఎన్ని మిగిలినయ్ అని అడుగుతున్నారు. చిన్నవాళ్ళకు చెప్పబోయి మధ్యలో ఆగిపోయినవాళ్ళు, తమకే సరిగా రాదని తెలిసి పుస్తకం పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొస్తున్నారు. రెండో తరగతివాడు ఒకడు, ఎవరూ అడక్కుండానే, ఐదో తరగతి పాఠంలోని నదుల పేర్లు గడగడ చెప్పేశాడు. వాడు వింటున్నాడని కూడా నాకు తెలియదు.

వంటామె కొడుకు పక్కన, నా గొంతు పోయాక కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్ల కూర్చుంది. వాడికి చదవడం రాదని దానికి తెలియదు. ఐదో తరగతి కదా, అన్నీ వస్తాయనుకుంది. ఆ నమ్మకం పోగొట్టుకోలేక వాడు పొద్దున్నే వచ్చేసేవాడు. బోర్డు మీద నేను రాసినదాన్ని ఆ రోజు నా కాగితం చదివిన ఆడపిల్లతో చెప్పించుకుని కంఠతా పట్టి, చిన్నది రాగానే చదివినట్టు అప్పజెప్పేవాడు. అది కాపీ కాక మరేమిటి? నేను చూడనట్టే ఉన్నాను. కానీ చిన్నది గడుసుది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేంది అని అడిగేది. వాడు మొదటి నుంచి వల్లిస్తూ ఆ మాట దగ్గరికి వచ్చి ఆగి, చెప్పేవాడు. రోజూ అదే తంతు. రానురాను మొదటికి పోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

వాగు ఒకసారి పొంగి తగ్గాక మండలాఫీసు నుంచి ఒక సార్ వచ్చారు. మాట్లాడని టీచరుతో బడి ఎలా నడుస్తుందో చూసి, కలపాలో వద్దో తేల్చాలి. గుమ్మంలో నిలబడి, ఏ తరగతి ఎక్కడ ఉందని అడిగారు. ఏమని చూపించను? ఆయన ఆ చిన్నదాని దగ్గరికి పోయి, గూట్లో ఎనిమిది పిట్టలుంటే మూడు ఎగిరిపోయాయి, ఎన్ని ఉన్నాయి అన్నారు. అది పక్కనున్న వంటామె కొడుకు వైపు తిరిగింది. వాడు కోయలో చెప్పాడు. అది వేళ్ళు మడిచి, ఐదు అంది. సార్ మొహం చిట్లించారు. వాడు లేచి నిలబడ్డాడు.

"నేను లెక్క ఏందో చెప్పిన సార్, గంతే. జవాబు దాందే."

ఆయన నవ్వలేదు. తెలుగు పుస్తకం తీసి వాడి చేతికే ఇచ్చి, చదవమన్నారు. వంటామె గరిటె చేతిలోనే పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది. సాయం చేయాలన్నా నాకు నోరు లేదు. వాడు అక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒత్తుల దగ్గర తడబడుతూ, పేరా చివరిదాకా చదివాడు. నా కళ్ళనిండా నీళ్ళు. తల్లికి చదవడం రాకపోయినా, కొడుకు చదువుతున్నాడని తెలియడానికి చదువు అక్కర్లేదు కదా.

"ఇట్లనే నడవనియ్యండి మేడం," అని సార్ వెళ్ళిపోయారు. బడిని కలపలేదు. ట్రైనింగులు ఎన్నో చూశాను, మంచివే. కానీ నా బడిని నిలబెట్టింది ఈ పిల్లలు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

వానలు వెనకపట్టాక డాక్టరు మళ్ళీ చూసి, ఇక మాట్లాడొచ్చు, అరవడం మాత్రం మానుకోమన్నాడు. మర్నాడు పిల్లల ముందు నిలబడి, అన్నం తిన్నారా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఒకటో తరగతి పిల్ల నన్ను నోరు తెరుచుకుని చూసి, పక్కనున్న వంటామె కొడుకు చెవిలో ఏదో అడిగింది. వాడూ ఏదో చెప్పి సిగ్గుపడుతూ నవ్వాడు. ఏమిటని అడిగాను.

"మేడంకు మాటలు ఎవలు నేర్పిండ్రు అని అడుగుతాంది."

"నువ్వేం చెప్పినవ్?"

"మేమే నేర్పినం అని చెప్పిన."

నిజమేనా అన్నట్టు అది నా వైపు చూసింది.

"అవ్ బిడ్డా," అన్నాను. "వీళ్ళే."