క్లాసుకొక హుషారు పిల్ల

ఆ అమ్మాయి ఆరో తరగతి. తండ్రి ముత్తంగి గోదాముల్లో హమాలీ. ఎనిమిదో తరగతి లెక్కలు నోటితో చేసేది. అలాంటి పిల్ల కోసం మా సర్కారు బడిలో ఉన్న ఏర్పాటు ఒక్కటే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఏ తరగతికి పోతే, ఆయనకంటే ముందు ఆమెను వెనక తలుపు నుంచి అక్కడ కూర్చోబెట్టేవాళ్లం. కూర్చుంటూ మెల్లగా అడిగేది: "సార్, ఇప్పుడు నేను ఎన్నో క్లాసు?"

ఒక తనిఖీ రోజు ఏడులోనూ, ఎనిమిదిలోనూ ఆఫీసరు అడిగినవన్నీ ఆమే చెప్పింది. ఆఫీసరు జవాబులు విన్నాడే గానీ ముఖం చూడలేదు. "మీ దగ్గర క్లాసుకొక హుషారు పిల్ల ఉన్నదయ్యా," అని మెచ్చుకున్నాడు. మేమంతా పళ్లికిలించాం.

కారు గేటు దాటినా ఆమె ఎనిమిదో తరగతి బెంచీ మీంచి లేవలేదు. బోర్డు మీద నేను సగంలో వదిలేసిన లెక్కనే చూస్తోంది.

"సార్, రేపు గూడ గీడనే కూసోనా? గా లెక్క ఇంక అయిపోలే."

"ఆఫీసర్ పోయిండు బిడ్డా. ఇగ నీ క్లాసుకు పో."

సంచీ తీసుకుని పోయింది. తర్వాతి పీరియడు ఆరో తరగతిలో నాదే. రెండో ఎక్కం చెప్పించాను. అందరితో పాటు ఆమె కూడా చెప్పింది, నా వైపు చూడకుండా.