గడప దాటిన బూట్లు

పొద్దున మోకాలి పట్టీ విప్పుతుంటే చర్రుమంది. కుడి మోకాలు గల్ఫ్‌లో, దుఖాన్ చమురు బావుల దగ్గర ఉన్నప్పుడే కోయించుకున్నాను. ఇన్నేళ్ళూ దాని బరువు కూడా మోసిన ఎడమది ఇప్పుడు మొరాయించింది. ఈ పట్టీ తేలిక. అప్పటి బ్రేసుకు ఇనుప కడ్డీలు, తోలు పటకాలు. కట్టుకుంటే గుర్రానికి జీను వేసినట్టుండేది, గుర్రం మాత్రం కుంటిది. ఆ చెమట పట్టిన తోలు వాసన తలచుకుంటే లింగన్న గుర్తొస్తాడు.

చమురు డబ్బు పొంగుతున్న రోజులవి. సర్వేయర్ని, పైపులైను గోతిలో పడ్డాను. ఆపరేషన్ చేసిన డాక్టరు బూటులో వేసుకునే తోలు మెత్త ఒకటిచ్చి, అది లేకుండా అడుగు వెయ్యొద్దన్నాడు. ఆరు వారాల్లో కంపెనీ డాక్టరు ముందు మెట్లెక్కి చూపించాలి, లేకపోతే ఇంటికి విమానం. మోకాలడ్డే మనుషుల్ని చాలామందిని చూశాను గానీ, నా ఉద్యోగానికి నా మోకాలే అడ్డింది.

క్యాంపులో గదులు చాలక మేస్త్రీల గదిలో నాకు మంచం వేశారు. ఆ గదికి పెద్దదిక్కు లింగన్న, కరీంనగర్ వైపు మనిషి, పైపులు బిగించే గ్యాంగుకు మేస్త్రీ. గోడకు దేవుడి పటాలు పెట్టి, చెప్పులు గడప దాటనిచ్చేవాడు కాదు. నేనూ బుద్ధిగా బూట్లు బయటే విడిచేవాణ్ణి. మూడు వారాలైనా వాపు తీయలేదు. ఒక సాయంత్రం ఆయనే పట్టేశాడు.

"సారూ, బయట సక్కగ నడుస్తున్నవ్, లోపటికొస్తే కుంటుతున్నవ్. డాక్టరిచ్చిన మందు గడప అవుతల్నే ఇడిసి వస్తున్నవ్ గద!"

భూమి ఎత్తుపల్లాలు కొలవడం నా వృత్తి. ఇది నాకు తట్టలేదు.

శుక్రవారం ఆయన నా పాత బూట్లు సబ్బుతో కడిగి, ఎండబెట్టి, మెత్త వేసి, తన చేతులతోనే తెచ్చి పటాల కింద పెట్టాడు.

"దేవుడు..." అని నసిగాను.

"దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు ఏసుకో."

పక్క మంచం మీంచి పోశెట్టి అందుకున్నాడు: "మేస్త్రీ, మా చెప్పులేం పాపం జేసినయ్?"

"నువ్వు గూడ మోకాలు కోపిచ్చుకొని రా, నీయి గూడ తెస్త."

మెట్లెక్కాను. నాతోపాటు ఉద్యోగమూ నిలబడింది.

రెండేళ్ళకు లింగన్న ఇంటికి వెళ్ళిపోయే రోజు. బయట వ్యాను డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలేస్తున్నాడు. పెట్టె సర్దుతూ కింద కూర్చున్న మనిషి గోడ పట్టుకుని, పళ్ళు బిగించి లేచాడు.

"ఏమైంది లింగన్నా?"

"ఏం లేదు సారూ. ఇసుకల మోకాళ్ళ మీద కూసోని కూసోని పట్టేసినయ్."

"ఎన్నాళ్ళనుంచి?"

"నీ ఆపరేషన్ కంటె ముంగటి సంది."

ఆ పెట్టె వ్యాను దాకా నేనే మోశాను. నేను చేసిందల్లా అంతే.

ఈ రోజు బూట్లు కడిగి దేవుడి గూటి కింద పెట్టుకున్నాను. ఎవరు ఇంట్లోకి వచ్చినా ముందు వాళ్ళ నడక చూస్తాను. రెండేళ్ళు ఒకే గదిలో ఉండి ఆయన నడక చూడలేదు.