లెక్కలు చదువుతానన్న రోజు

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలు ప్రొద్దుటూరులోని నా ఇంటికి వచ్చి, చెప్పులు సరిగ్గా విడవకముందే, ఇంటర్ అయిపోయింది గనుక తాను లా చదవబోతున్నానని, ఇంట్లో అందరూ కంప్యూటర్లు చదవమని ప్రాణం తీస్తున్నారని, తన పక్షాన నిలబడగల మనిషిని నేనొక్కదాన్నేనని ఏకబిగిన చెప్పేసింది. దాని వెనకాలే మా తమ్ముడి ఫోను. ఆ పిల్ల మనసు నేనే మార్చాలట, ఎందుకంటే ఒకప్పుడు ఊరందరి ముందూ లా చదవనని ఎదురు తిరిగిన ఘనురాలిని నేనే కదా! కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన ముసలిదానికి ఇంకా ఇలాంటి తగవులు తప్పలేదని నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి పడుకున్నాక మా ఊరే కళ్ల ముందు మెదిలింది.

మాది సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె. మా నాయన గొర్రెలు కాసేవాడు. వాటికి మేత మా ఊరి నాయకుడి బీడులో. ఆయన్ని ఊరంతా మామ అనే పిలిచేది, కులంతో, వరసతో పనిలేకుండా. మామకూ పక్క ఊరి నాయకుడికీ పగ ఎప్పుడు మొదలైందో మా ముసలి జేజికి కూడా సరిగ్గా తెలియదు. మామ ఒక పార్టీలో చేరితే పక్క ఊరు రెండో పార్టీలో చేరేది. మామ పార్టీ మారితే మా గోడల మీద కొత్త రంగు పడేది, మేము చెరిపేసిన రంగు వారం తిరగకుండా ఆ ఊరి గోడల మీద కనిపించేది. పార్టీలు ఇల్లు మార్చినంత సులువుగా మారేవి గానీ పగ మాత్రం ఉన్నచోటనే ఉండేది.

ఆ పగకూ ఒక కట్టుబాటు ఉండేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఆడవాళ్ల జోలికి ఎవరూ పోకూడదు. అందువల్ల గొడవలు ముదిరిన నెలల్లో మగవాళ్లు ఊరి పొలిమేర దాటకుండా కూర్చుంటే, విత్తనాలకూ మందులకూ లాయరు దగ్గరికీ ఆడవాళ్లమే తిరిగేవాళ్లం. పులివెందులలో నేను ఇంటర్ చదవగలిగింది కూడా ఆ కట్టుబాటు పుణ్యమే. బస్సు పక్క ఊరి మీదుగానే పోయేది. మా ఊరి నుంచి ఒక్క మగపిల్లవాడు కూడా ఆ బస్సెక్కేవాడు కాదు.

చదువుకున్న పిల్లనని మామ ఇంట్లో కోర్టు కాగితాలు నాచేతనే చదివించేవాళ్లు. మా చిన్నాన్నలూ బావలూ అరుగు మీద వరసగా కూర్చుని తమ పేరు ఏ నంబరు ముద్దాయిగా వచ్చిందో వినేవాళ్లు. మొదటి ముద్దాయి అంటే పెళ్లిళ్లలో మొదటి బంతి మర్యాద, పదో ముద్దాయిగా పడినవాడికి ముఖం చిన్నబోయేది. నాక్కూడా అప్పట్లో అదంతా గొప్పగానే ఉండేది. నేను గొంతెత్తి చదువుతుంటే మీసాలున్న మగవాళ్లందరూ నోరు మూసుకుని వినడం మరి చిన్న విషయమా?

ఇంటర్ రెండో ఏడాదిలో ఒక కొట్లాట జరిగింది. ఈసారి దెబ్బలు తిన్నది మావాళ్లు గనుక ఫిర్యాదూ మాదే. రాయించుకొచ్చిన దాన్ని చదివి వినిపిస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయిది ఆ ఊరే, ఆ పేరు వాళ్ల అన్నది. డిగ్రీ పూర్తిచేసి, సర్కారు ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు చదువుతున్న మనిషి. కొట్లాట జరిగిన పూట అతను కడపలో పరీక్ష రాస్తున్నాడని ఆ అమ్మాయే నాతో చెప్పింది. ఆ మాటే మామతో అన్నాను, పొరపాటున పడిందేమో, కొట్టేయిస్తాడనుకుని.

మామ నవ్వాడు. "బాగా చదువుతాండాడంట గదా పాపా, అందుకే రాసినాం. కేసుంటే ఉద్యోగం ఎవురిస్తారు?"

అరుగు మీద అందరూ నవ్వారు. పక్క ఊరివాళ్లు కూడా మావాళ్ల విషయంలో అదే పని చేసేవాళ్లని తర్వాత తెలిసింది. నరికితే ఒక్క మనిషి పోతాడు, చదువుకున్నవాణ్ణి కేసులో ఇరికిస్తే ఆ ఇల్లే లేవదని రెండు ఊళ్లకూ తెలుసు. మర్నాడు కాలేజీలో ఆ అమ్మాయి నా పక్కన కూర్చోలేదు. నాకు మామ మీద వచ్చిన కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోలేదు కూడా.

ఫలితాలొచ్చాయి. ఫస్టు క్లాసులో పాసయ్యాను. మామ మా మందలోంచే ఒక పొట్టేలును పట్టించి ఊరికి విందు పెట్టాడు. తన ఇంటి ముందు కుర్చీ వేయించి నన్ను కూర్చోబెట్టి, మెడలో దండ వేయించి, పాప ప్రొద్దుటూరులో బి.ఎ. చదువుతుందని, ఆ పైన లా చదువుతుందని, ఖర్చంతా తనదేనని ప్రకటించాడు. మగ లాయరైతే కోర్టుకు పోయేదారిలో ఎక్కడ ఎవడు కాపు కాస్తాడోనన్న భయముంటుంది, ఆడలాయరును ముట్టే మొగోడు ఈ జిల్లాలో లేడని ఆయన లెక్క. జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఒక గొర్లకాపరి బిడ్డకు అంతకంటే ఏం కావాలి?

నేను దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నేను లా చదవను మామా. లెక్కలు చదువుతా."

ఆయన ముందు తమాషా అనుకున్నాడు. "లెక్కలు యాడికి పనికొస్తాయి పాపా మనకు?"

"లెక్కల్లో లేనోణ్ణి తెచ్చి రాస్తే జవాబు రాదు మామా. అందుకే నాకిష్టం."

ఆ మాట ఎవరికి అర్థమైందో లేదో గానీ ఆయనకు మాత్రం అర్థమైంది. ముఖం నల్లబడింది. నా వంక చూడటం మానేసి మా నాయన వంక చూశాడు. మా నాయన విస్తరి ముందు నుంచి మెల్లగా లేచి, చెయ్యి కడుక్కుని, ఇంటికి పోదాం పద పాపా అన్నాడు. విందులో మధ్యలో లేవడమంటే మా వైపు ఎంత మాటో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వెనక మా అమ్మ ఏడుస్తూ వచ్చింది.

మరునాడు పొద్దున్నే మామ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బీడులోకి గొర్రెలు తోలొద్దన్యాడు మామ. పాపకు బుద్ధి చెప్పుకుంటే మాత్రం తోలుకోవచ్చంట."

మా నాయన భుజం మీది ఉన్ని కంబడి సర్దుకున్నాడు. "బీడు ఆయనది. బిడ్డ నాది. పోయి చెప్పుపో."

ఆయన జీవితంలో అంత పెద్ద మాట ఇంకెప్పుడూ అనలేదు. ఆ వారంలోనే మందను తోలుకుని జమ్మలమడుగు వైపు, పెన్న ఒడ్డున మా మేనమామ ఊరికి పోయాడు. కొత్త మేత పడక దారిలోనూ అక్కడా గొర్రెలు శానా చచ్చిపోయాయి. నన్ను ప్రొద్దుటూరులో చిన్నమ్మ ఇంట్లో వదిలి, కాలేజీలో చేర్పించి పోయేటప్పుడు కూడా ఆ నష్టం సంగతి ఎత్తలేదు. మా తమ్ముడి చదువు మాత్రం అక్కడితో ఆగింది, మందకు రెండో మనిషి కావలసి వచ్చి. వాడు ఆ సంగతి నాకు గుర్తు చేయడు, నేను మరిచిపోనూ లేదు.

ఇప్పుడు మామ లేడు, ఆయన మనుషులను వేసుకుని తిరిగిన జీపులూ లేవు. అరుగు మీది మనుషుల పిల్లలు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉన్నారు. నేను రిటైరయ్యే ముందు నా క్లాసులో రెండు ఊళ్ల ఆడపిల్లలూ ఒకే బెంచీలో కూర్చుని ఒకరి లెక్క ఒకరు చూసి రాసుకుంటుంటే కోప్పడినట్టు నటించేదాన్ని. నా స్నేహితురాలి అన్న మీది కేసు కొట్టేసే నాటికి అతనికి ఉద్యోగం వయసు దాటిపోయింది. ఇక్కడ ప్రొద్దుటూరులోనే బట్టలంగడి పెట్టుకున్నాడు. నేను చీరలు అక్కడే కొంటాను, ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకుంటాం.

ఇదంతా సోమవారం పొద్దున మా మనవరాలికి చెప్పాను, చెబితే లా మీద మోజు తగ్గుతుందేమోనన్న ఆశ కొంత లేకపోలేదు. అది మోకాళ్ల మీద గడ్డం ఆనించి అంతా విని, "ఆ పరీక్ష రాసిన అన్న తరపున మాట్లాడేదానికి ఒక్క లాయరు కూడా ల్యాకపోయినాడా అవ్వా?" అని అడిగింది.

ఇన్నేళ్లు పిల్లలకు జవాబులు చెప్పినదాన్ని, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తోచలేదు. లేనివాడి పేరు రాసే లాయరును కానన్నాను, నా మాట మీద నిలబడ్డాను, అందుకు ఈనాటికీ నాకు గర్వమే. రాసిన పేరును పోరాడి కొట్టేయించే మనిషి కూడా ఉండాలని మాత్రం ఈ పిల్లకే తట్టింది.

సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. లక్షలు పోసి చదివించేది తానైనప్పుడు ఆ మాత్రం చెప్పే హక్కు తనకు లేదా అక్కా అని నిలదీశాడు. వాడి గొంతులో నాకు ఆ మంద వెనక నడిచిన పిల్లవాడే వినిపించాడు.

"ఫీజు నీదిరా," అన్నాను. "చదువు దానిది."

"నాయన మాదిరే మాట్లాడతాండావు," అని తమ్ముడు ఫోను పెట్టేశాడు.