అమ్మకీ నాన్నకీ మధ్య టపా

మా చిన్నప్పుడు... అమ్మా నాన్నా పోట్లాడుకుంటే ఇంట్లో పని పెరిగేది నాకే.

"నీళ్ళు కాగినయ్యని మీ నాన్నకి చెప్పవే," అనేది అమ్మ, పొయ్యి దగ్గర్నించి. నాన్న నాలుగడుగుల దూరంలో గడప మీద కూర్చుని ఉండేవాడు. అంతా వినబడేది. అయినా కదిలేవాడు కాదు. నేను వెళ్ళి "నాన్నా, నీళ్ళు కాగినయ్యంట" అన్నాకే తువ్వాలు భుజాన వేసుకునేవాడు.

జగ్గయ్యపేటలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నాన్న సున్నపురాయి క్వారీలో గుమాస్తా. నేను ఒక్కదాన్నే కూతుర్ని కాబట్టి ఈ ఉద్యోగానికి పోటీ లేదు. పక్కింటి మామ్మగారు నన్ను చూడగానే "ఏమే పోస్టుమాను, ఇయ్యాల టపా ఉందా?" అని ఆటపట్టించేవారు.

మామూలు అలకలు రెండు రోజులు దాటేవి కావు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది మాత్రం గట్టిది... నందిగామలో మామయ్య కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి పోస్టులో కార్డు పంపాడు. ఎవరూ వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. "ఇంటి అల్లుడికి కార్డుముక్క పంపుతారా" అని నాన్న రానన్నాడు. ఆయన లేకుండా వెళ్తే నలుగురూ ఏమడుగుతారోనని అమ్మా ఆగిపోయింది. ఉన్న ఒక్క తమ్ముడి ఇల్లు... ఆ రోజంతా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఇక ఇద్దరూ ఎడమొహం పెడమొహం. వారం గడిచింది... రెండు వారాలు గడిచాయి. ఒకరోజు అమ్మ మామ్మగారితో అంటుంటే విన్నాను. "ఈసారి నందిగామ వెళ్తే మళ్ళీ రానండి."

ఆ రోజు నించి బడి నుంచి రాగానే సంచి పడేసి, మంచం కిందికి వంగి చూసేదాన్ని... అమ్మ పచ్చ ట్రంకుపెట్టె అక్కడే ఉందా లేదా అని. ఉంటేనే నాకు అన్నం సయించేది.

అంత కోపంలోనూ నాన్న వచ్చేదాకా అమ్మ తినేది కాదు. క్వారీ దుమ్ముకి తెల్లబడ్డ ఆయన చొక్కా రోజూ దులిపి ఉతికేది. నాన్న సాయంత్రం మల్లెపూల పొట్లం తెచ్చి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టేవాడు. అమ్మ నా జడలో తురిమి, మిగిలినవి తను పెట్టుకునేది. మాట మాత్రం లేదు.

అప్పుడు నాకు గవదబిళ్ళలు వచ్చాయి. బుగ్గలు రెండూ బూరెల్లా పొంగాయి. పసుపూ సున్నం కలిపి పట్టు వేసి, తల చుట్టూ గుడ్డ కట్టింది అమ్మ. నాకు నోరు పెగల్లేదు... మా ఇంటి టపా ఆగిపోయింది.

నాన్న క్వారీ నించి వచ్చి, నా పక్కన కూర్చుని, అలవాటుగా "జావ తాగావో లేదో మీ అమ్మనడుగు," అన్నాడు. నోరు తెరవబోతే నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. నాన్న గొంతు సవరించుకుని అమ్మవైపు తిరిగాడు.

"జావ తాగిందా?"

"రెండు గుక్కలు తాగిందండి."

అంతే... ఇరవై రోజుల తర్వాత. ఇక ఆగలేదు. ఒళ్ళు కాలుతోందని ఒకరు, పట్టు ఎండిపోయిందని ఒకరు... కళ్ళు మూసుకుని వింటూ పడుకున్నాను. ఎంత హాయిగా ఉందో... ఇంకో నాలుగు రోజులు తగ్గకపోతే బాగుండుననిపించింది.

తగ్గాక ఓ ఆదివారం పొద్దున, నాన్నే ఆ ట్రంకుపెట్టె బయటికి లాగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే అందులో అమ్మ పట్టుచీర, నా గౌను, వాటి మీద ఆయన ఇస్త్రీ చొక్కా.

"మావాళ్ళు బొట్టు పెట్టి పిలవలేదుగా, అడగవే మీ నాన్నని," అంది అమ్మ నవ్వాపుకుంటూ.

"మా బావమరిది ఇంటికి నాకు పిలుపెందుకని చెప్పు మీ అమ్మకి."

అటూ ఇటూ తిరిగి రెండూ అందించాను. నందిగామలో మామయ్య, తింటున్న చెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి ఎదురొచ్చాడు.

ఇప్పుడు మా ఆయనా నేనూ అలిగితే ఎవరి ఫోను వాళ్ళది. పిల్లల గది తలుపు వేసే ఉంటుంది. మేం మాట్లాడుకోవడం లేదని కూడా వాళ్ళకి తెలియదు... మీలో ఎవరైనా ఇలా టపా మోసి ఉంటే రాయండి, అమ్మకి చదివి వినిపిస్తా.

నాన్న పోయి మూడేళ్ళు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న కొత్తావకాయ కలిపి, రుచి చూసి, ఎటో చూస్తూ అంది... "ఈ ఏడు ఉప్పు సరిగ్గా పడిందని మీ నాన్నకి చెప్పవే."

వెళ్ళి ఫోటో ముందు నిలబడి చెప్పాను. వెనక్కి తిరిగితే... అమ్మ జవాబు కోసం నావైపే చూస్తోంది.