మాస్టర్ బిళ్ళకు దసరా బొట్టు

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే నేనెంత ఉత్సాహంగా జవాబు చెప్పేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది, నా మీద కాదు, విన్నవాళ్ళ మీద. "మెత్తటి పాలిమర్ మీద కంటికి ఆననంత సన్నటి చాళ్ళు తీస్తామండీ. వాటిలో కండరాల కణాలు పెంచుతాం. అవి ఆ చాళ్ళ వెంబడి బుద్ధిగా వరసలో పెరిగితే, రేపెప్పుడైనా దెబ్బతిన్న కండ ఉన్నచోట కొత్త కండ పెంచుకోవచ్చు" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ఓనరాంటీ అంతా విని, "మంచిగున్నది బిడ్డా. మరి జాబ్ ఎప్పుడొస్తది?" అనేది. అమ్మయితే ఫోనులో (మాది అనంతపురం వైపు) "ఏమ్మే, ఇంగా ఆ జిగురు పోసేదేనా నీ పని?" అని అడిగేది. యూనివర్సిటీలో నా పనిని అంత క్లుప్తంగా, అంత సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

నిజంగానే మాది జిగురు పోసే పని. అరచేతిలో పట్టేంత సిలికాన్ బిళ్ళ ఒకటుండేది, దాన్ని మాస్టర్ అనేవాళ్ళం. అద్దంలా మెరిసే ఆ బిళ్ళ మీద చాళ్ళు చెక్కి ఉండేవి. దాని మీద తేనెలా చిక్కగా ఉండే పాలిమర్ పోసి, బుడగలన్నీ పోయేదాకా గాలి లాగేసి, ఓవెన్‌లో పెడితే రబ్బరులా గట్టిపడేది. మెల్లగా ఒలిస్తే ఆ చాళ్ళు రబ్బరు ముక్క మీద అచ్చు దిగేవి. (దిగకుండా, సరిగా ఉడకని ఇడ్లీలా పళ్ళేనికి అతుక్కుపోయిన రోజులే ఎక్కువ. అవి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.) ఆ బిళ్ళ మా దగ్గర ఒక్కటే ఉండేది. వేరే ఊళ్ళో చేయించి, నెలల తరబడి ఎదురు చూసి తెప్పించుకున్నది. అందుకే మా గైడు మేడమ్ ల్యాబులో మొదటిరోజే ఒక రూలు చెప్పింది: "గ్లవ్స్ లేకుండా మాస్టర్‌ని ముట్టుకున్నవాళ్ళ వేళ్ళు విరగ్గొడతాను." మేడమ్ చెప్పిందంటే చేస్తుంది. ఆవిడ కారిడార్లో నడిచి వస్తుంటే సెల్‌ఫోన్లు వాటంతటవే జేబుల్లోకి వెళ్ళిపోయేవి.

ల్యాబులో నాకు సీనియర్ ఒకాయన ఉండేవాడు. మౌలాలి నుంచి బండి మీద వచ్చేవాడు. వాళ్ళది జనగామ వైపు వ్యవసాయం చేసే కుటుంబం. లోకంలో దేన్నయినా మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలిచేవాడు కాబట్టి అందరం మైక్రాన్ అన్న అనేవాళ్ళం. తార్నాక చౌరస్తాలో చాయ్ తాగేటప్పుడు కూడా "భాయ్, ఇంకో రెండు మైక్రాన్లు పోయ్" అనేవాడు. నన్ను మాత్రం "సీమా" అని పిలిచేవాడు.

ఆ ఏడు దసరా తరువాత నా వార్షిక రివ్యూ ఉంది. అప్పటికి నేను పోసిన జిగురు లెక్కలేనంత, వరసలో నిలబడ్డ కణం ఒక్కటీ లేదు. ఈసారి కూడా చూపించలేకపోతే టాపిక్ మార్చేస్తామని కమిటీ ముందే చెప్పేసింది. టాపిక్ మారిందంటే మళ్ళీ మొదటికే. అమ్మకీ, ఓనరాంటీకీ మళ్ళీ కొత్తగా ఏదో వివరించాలి. అంతకన్నా, ఆ చాళ్ళంటే నాకు పిచ్చి ప్రేమ. వాటిని వదులుకోవడం నావల్ల కాదు.

సెలవులకు ముందురోజు ల్యాబులో ఆయుధపూజ. మేడమ్ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మైక్రోస్కోపుకి బంతిపూల దండ, ఓవెన్‌కి మామిడాకులు, గాలి లాగే పంపు కింద నిమ్మకాయ. మేమందరం పులిహోర పొట్లాల చుట్టూ మూగితే మేడమ్ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కో యంత్రానికీ స్వయంగా బొట్టు పెట్టింది. ఫ్రిజ్జునీ, తలుపు గొళ్ళేన్నీ కూడా వదల్లేదు.

సెలవుల తరువాత వచ్చి మాస్టర్ పెట్టె తెరిస్తే కాస్త ఎర్రటి పొడి కనిపించింది. మూత మీది కుంకుమ రాలిందనుకుని గాలితో ఊదేసి, పాలిమర్ పోశాను. ఈసారి అచ్చు చక్కగా ఊడివచ్చింది. దాని మీద కణాలు వేసి, కొన్నాళ్ళు ఆగి, మైక్రోస్కోపులో చూశాను. నిలబడ్డాయి! నిలువునా, ఒకదాని వెనక ఒకటి. కళ్ళనీళ్ళు తిరిగాయి. మైక్రాన్ అన్నను పిలిస్తే చూసి, "అబ్బ! గొర్రు తోలిన చేనుల మొలకలొచ్చినట్టే ఉన్నది సీమా" అన్నాడు. తరువాత ముక్కను కొంచెం పక్కకి జరిపి, "ఏంది, గీ మూలకి గిట్ల సుడి తిరిగింది? మా బర్రె నొసటి మీద గూడ గిట్లనే ఉంటది" అన్నాడు.

చూశాను. ఒక మూల కణాలన్నీ చాళ్ళు వదిలేసి గుండ్రంగా, వంపులు వంపులుగా సాగాయి. ఆ వంపులు ఏమిటో తెలియడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అది ఎవరిదో బొటనవేలి ముద్ర, బిళ్ళ మీద ఎండిపోయి చాళ్ళతోపాటు రబ్బరులోకి అచ్చు దిగింది. మేడమ్ వచ్చి చూసి, "ఎవరి వేలు ఇది?" అంది. మాస్టర్‌ని ముట్టుకునేది నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నా వేళ్ళ వైపు చూశారు. నేను కూడా చూసుకున్నాను, ఇంకెన్నాళ్ళుంటాయో అని.

"అనుమానమెందుకు మేడమ్, చెక్ చేద్దాం" అని మైక్రాన్ అన్న ఆఫీసు నుంచి స్టాంపు ప్యాడ్ తెచ్చాడు. అందరి బొటనవేళ్ళూ తెల్లకాగితం మీద పడ్డాయి. ఆ సుడికి అడ్డంగా ఒక పాత గాటు ఉంది. నా వేలికి లేదు, ఎవరి వేలికీ లేదు. "నాది కూడా తీసుకోండి. రూలంటే అందరికీ రూలే" అంటూ మేడమ్ ఠీవిగా తన వేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. నిండైన సుడి, దానికి అడ్డంగా కత్తిపీట గాటు. మేమందరం ఒక్కసారిగా సీలింగ్ ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెట్టాం.

మేడమ్ వేలికంటిన సిరా తుడుచుకుంటూ, "అన్నిటికీ బొట్టు పెట్టి, అసలైన దాన్ని ఎలా వదిలేస్తాం?" అంది. "మరి గ్లవ్స్, మేడమ్?" అన్నాడు మైక్రాన్ అన్న, ప్రాణాల మీద ఆశ వదులుకుని. "గ్లవ్స్ వేసుకుని బొట్టు ఎవరైనా పెడతారా?" అని కసిరింది.

మళ్ళీ చేయడానికి వ్యవధి లేదు. ఫోటోలో ఆ మూల కత్తిరించేస్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు చూపించు" అంది. రివ్యూలో ఒక పెద్దాయన సరిగ్గా అక్కడే వేలు పెట్టి, "ఈ సుడి ఏమిటమ్మా?" అన్నాడు. వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. "అది నా బొటనవేలు సార్. దసరాకి మాస్టర్‌కి బొట్టు పెట్టాను" అంది మేడమ్, లేచి నిలబడి.

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, కళ్ళు ఎర్రబడేదాకా నవ్వాడు. ఆ తరువాత అన్నాడు: "తిన్నటి గీతలే చూపించి ఉంటే, ద్రవం పోసినప్పుడు కణాలు ఆ వాలుకి కొట్టుకొచ్చాయేమో అని అడిగేవాణ్ణి. సుడి ఉన్నచోట సుడి తిరిగాయంటే, అవి గీతనే పట్టుకుని నడుస్తున్నాయి. ఇంకేం రుజువు కావాలి? టాపిక్ మార్చొద్దు." ఆ సాయంత్రం తార్నాకలో చాయ్ తాగుతూ మైక్రాన్ అన్న, "ఇగ మన ల్యాబ్‌ల గ్లవ్స్ బంద్, బొట్లే" అన్నాడు. అమ్మకి ఫోను చేసి చెప్పాను. "మీ మేడము వేలు సల్లగుండ, గట్టెక్కినావు పో" అంది. నేను గర్వంతో ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఇప్పుడు నాకొక చిన్న ల్యాబు ఉంది, నేనొస్తుంటే జేబుల్లోకి వెళ్ళిపోయే సెల్‌ఫోన్లూ ఉన్నాయి. ఆ రబ్బరు ముక్క నా బల్ల మీదే ఉంది. కణాలు ఎప్పుడో పోయాయి కానీ, వెలుతురుకి వాలుగా పెడితే మేడమ్ వేలి గాటు ఇప్పటికీ కనిపిస్తుంది. పోయిన ఏడు నా విద్యార్థిని ఒకమ్మాయి రివ్యూలో నిలబడి, స్క్రీన్ మీద ఫోటోలో పడ్డ గీరను చూసి తరువాతి స్లైడు కోసం తడుముకుంటోంది. అదేమిటని కమిటీ అడగనే అడిగింది. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు నా కుర్చీ జరిగిన చప్పుడు నాకే వినిపించింది. "అది నా వేలి గోరు సార్" అన్నాను. (నాది కాదు.) ఆ పిల్ల నావైపు కళ్ళింత చేసుకుని చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. తార్నాక బస్సు దిగి జిగురు పోయడానికి పరుగెత్తే ఒక సీమ పిల్ల ఒకప్పుడు మేడమ్‌ని అలాగే చూసింది.